తుపాకి నోటికి మూత

నరసరావుపేట, మాచెర్ల, గురజాల ప్రాంతములనుండి అమెరికాకు వెళ్లి స్థిరపడినవారు నేడు మనలో ననేకులు. అందులో ఎవరైన సెలవుదినములందు దూరపు గుఱి కొట్టు వినోదమునకు అలవాటుపడినచో, వారి చేతికి మొదట వచ్చునది బోల్టు రైఫిలు. అనగా ప్రతి తూటాకును గడియ లాగి మరల మూయవలసిన తుపాకి. అటుపిమ్మట పుట్టు కోరిక దాని నోటికి సప్రెసరు తగిలింపవలెనని. మొదటి సప్రెసరు ఎట్టిది కొనవలెనని అడిగినచో వర్తకుడు గంటసేపు చెప్పగలడు. వర్తకుడు చెప్పని సంగతులును కొన్ని కలవు. అందు కొన్ని మనిషిని చెరసాలకు పంపగలవి కాబట్టి మేము వానినే ముందుగా విచారింపదలచితిమి.

దీనికి సైలెన్సరని పేరు పెట్టినవాడు హైరం పెర్సీ మాక్సిం. 1909లో అతడు పేటెంటు పొందెను. అతని తండ్రియే 1884లో మాక్సిం మరతుపాకిని కనిపెట్టినవాడు. ఆ మ్రోతలలో తన చెవులనే పోగొట్టుకొన్నవాడు. తండ్రి చెవుడు తెచ్చుకొనగా కొడుకు మూత కనిపెట్టెను! కాని ఆ పేరు లోకమును మోసపుచ్చినది. సినిమాలలో వినిపించు ‘తుస్సు’మను శబ్దము నిజము కాదు. పెద్ద రైఫిలు పేలినపుడు మ్రోత సుమారు 160 మొదలు 170 డెసిబెల్ల వరకు నుండును. మంచి సప్రెసరు అందులో 20 మొదలు 35 వరకు తగ్గించును. మిగిలినది 140కి అటునిటుగా నుండును. ఒక్కసారి విన్నను చెవికి హాని కలుగునని వైద్యులు గీత గీసిన చోటది. పైగా తూటా ధ్వనికంటె రెండింతలకు మించిన వేగమున పోవునపుడు దాని వెంబడి పుట్టు చరచరధ్వానమును ఏ మూతయు ఆపజాలదు. కావున సప్రెసరు తగిలించినను చెవికవచము తీయరాదు.

ఇక చట్టము. అమెరికా కేంద్రచట్టము ప్రకారము సప్రెసరు తుపాకికి తొడుగు మాత్రమే కాదు; అదియే ఒక తుపాకి! ఈ మాట మనవారిలో పెక్కుమందికి తెలియదు. ఉద్యోగ వీసాపైనను విద్యార్థి వీసాపైనను అచ్చట నున్నవాడు తుపాకిని గాని తూటాను గాని కలిగియుండుట 1998నుండి నేరము. వేట లైసెన్సు మొదలగు కొలది మినహాయింపులు మాత్రము కలవు. నేరము రుజువైనచో 2022 సవరణ పిమ్మట శిక్ష 15 సంవత్సరములవరకు పోవచ్చును. దేశమునుండి వెళ్లగొట్టుట వేరు. స్నేహితుని తుపాకియే గదా, మైదానములో ఒక్క గుండు పేల్చితిని గదా అనిన న్యాయస్థానము వినదు. ఒకే యింట నలుగురు మిత్రులు కాపురముండుట మనవారి యలవాటు; అందొకడు శాశ్వతనివాసి యై సప్రెసరు కొని అందఱికి అందుబాటులో అలమరలో నుంచినచో తక్కిన ముగ్గురి మెడకును ఉరి తగిలినట్లే. అందుచే మొదటి సప్రెసరుకు మొదటి ఖర్చు న్యాయవాది ఫీజు కావలెనని మేము చెప్పుచున్నాము. (మా వృత్తిపై మాకు పక్షపాతమని చదువరులు నవ్వవచ్చును. నవ్వుడు, ఫీజు మాత్రము ఇండు.)

అర్హత కలవాడు సయితము ఫారము నింపి, వ్రేలిముద్రలిచ్చి, రిజిస్టరు కావలెను. 1934లో విధించిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుండి సున్న యైనది. రిజిస్టరు మాత్రము పోలేదు. ఎనిమిది రాష్ట్రములలో సామాన్యులకు అదియును దొరకదు. పన్ను పోయినదని వినగానే చట్టమే పోయినదనుకొని తొందరపడువారు మన యూళ్లలోను గలరు, అచ్చటను గలరు.

ఇంత దాటినవానికి ఎన్నిక అంత కష్టము కాదు. బోల్టు రైఫిలు గడియ మూసియుండుటచే ఆవిరి వెనుకకు తిరిగి ముఖమున కొట్టదు. తనంత తాను తూటా నింపుకొను తుపాకులకై చేసిన ఖరీదైన ఏర్పాటులు దీనికి వ్యర్థము. నిదానముగ పేల్చువానికి టైటానియము చాలును, బరువు తక్కువ. వరుసగా పేల్చి గొట్టము కాలునట్లు చేయువానికి మాత్రము గట్టి లోహము వలయును. ముప్పదవ నంబరు రంధ్రము గలది కొన్నచో అంతకంటె చిన్న తూటాల రైఫిళ్లకును పనికివచ్చును, మ్రోత కొంచెము హెచ్చయినను. గొట్టపు మొన మరలు సప్రెసరు మరలకు సరిపోవలెను. అంతకంటె ముఖ్యముగ ఆ మరలు రంధ్రముతో ఒకే సూటిగ నుండవలెను. వెండ్రుకంత వంకరయున్నను తూటా లోపలి అడ్డుబిళ్లలను తాకి సర్వము ధ్వంసమగును. తగిలించిన వెనుక గుఱి జరుగును, మరల సరిచూచుకొనవలెను. ప్రతివిడతకు ముందు మర బిగువు చూచుట యలవాటు చేసికొనవలెను. వేడెక్కిన గొట్టముపై లేచు ఎండమావి దూరదర్శినిలో గుఱిని ఆడించును. దానికి గుడ్డతొడుగు వాడుదురు.

మన గడ్డపై సంగతి వేరు. 1878నాటి ఆయుధచట్టము జాతిభేదము చూచినది. తెల్లవానికి మినహాయింపు, మనకు నిషేధము. స్వతంత్రభారతము దానిని త్రోసివేసి 1959లో వేరు చట్టము చేసికొన్నది. దాని నియమములలో మ్రోతను గాని మెరుపును గాని తగ్గించు పరికరములు మొదటి తరగతిలోనే, నిషిద్ధాయుధముల సరసనే చేర్చబడినవి. జిల్లా అధికారి మామూలు తుపాకికిచ్చు లైసెన్సు దీనిని కప్పదు. సెలవుకు వచ్చుచు పెట్టెలో ఒకటి తెచ్చెదనను బిడ్డకు తలిదండ్రులు ఆ మాట అనకుమని గట్టిగా వ్రాయవలెను.

ఈ నిషేధము మనకు న్యాయమేనా? ఫిన్‌లాండులోను నార్వేలోను వేటగాడు సప్రెసరు వాడుట మర్యాదయే. మేము ఆలోచించియే నిషేధమును సమర్థించుచున్నాము. మాచెర్లకు పడమర నల్లమల కలదు. అడవిలో దొంగవేటగాని జాడ చెప్పునది అతని తుపాకి మ్రోతయే. కాపలావాని చెవి అతని యాయుధము. కక్షలకు పేరుపడిన యీ సీమలో రాత్రివేళ తుపాకి పేలినచో ఊరు మేలుకొనుట కూడ ఒక రక్షణయే. 1922లో పుల్లరి పోరాటమున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు కూలిన పల్నాడిది. ఇచ్చట తుపాకి ఎవరి చేతిలో పేలినను పదిమంది వినుట మేలు.

కాని మూతను నిషేధించిన ప్రభుత్వమునకు చెవిని కాపాడు బాధ్యత తప్పదు. పోలీసు శిక్షణలోని బాలుడు గాని, ఎన్.సి.సి. విద్యార్థి గాని, పంటకాపునకు లైసెన్సు తుపాకి యుంచుకొన్న రైతు గాని సప్రెసరు కోరుట లేదు. చెవికవచము ఖరీదు స్వల్పము. తుపాకి నేర్పు ప్రతి మైదానమునందును అది లేనిదే ఒక్క తూటాయు ఇయ్యరాదని ఉత్తరువు కావలెను. లైసెన్సు కాగితముతోపాటు రైతుకు ఈ హెచ్చరిక తెలుగున అచ్చువేసి ఇయ్యవలెను. నరసరావుపేట 2022నుండి జిల్లా కేంద్రమైనది. ఈ పని అచ్చటనే మొదలుపెట్టుటకు అధికారులకు అడ్డేమున్నది?