యిత్రో అడిగిన ప్రశ్న

కొన్నేళ్ల క్రితం చార్మినార్ దగ్గరి ఒక బస్తీలో మా సంఘం ఉచిత వైద్య శిబిరం పెట్టింది. బీపీ, షుగర్ పరీక్షలు చేశాం, మందులు పంచాం, ఫొటోలు దిగాం. ఆదివారం ఆరాధనలో ‘రెండొందల మందికి సేవ చేశాం’ అని సాక్ష్యం చెబితే సంఘమంతా చప్పట్లు కొట్టింది.

ఆరు నెలల తర్వాత అదే గల్లీలో ఒక పెద్దావిడ ఎదురైంది. కాలికి కట్టుంది. ‘మీరిచ్చిన షుగర్ గోలీలు పదిహేను రోజుల్లో అయిపోయాయి పాస్టర్ సాబ్, మళ్లీ ఎవరూ రాలేదు’ అంది. సర్కారు దవాఖానాలో ఆ గోలీలు ఉచితంగానే ఇస్తారని మాలో ఒక్కరమూ ఆమెకు చెప్పలేదు. మా రిపోర్టులోని రెండొందల్లో ఆమె కూడా ఉంది. ఆమె కాలి పుండు మాత్రం లేదు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రజల తగవులు తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో మెచ్చుకోలేదు. ఒక్కడివే ఎందుకు మోస్తున్నావని అడిగాడు, ఈ పద్ధతి మంచిది కాదన్నాడు (నిర్గమ 18:13-26). యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాదు. అయినా మోషే నొచ్చుకోలేదు. ప్రజల్లోంచే సమర్థులను ఎన్నుకుని బాధ్యత పంచాడు. దేవుని పనిని బయటివాడు తూచినా వినగలగడమే నాయకత్వానికి మొదటి పరీక్ష.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో సేవ మొదలుపెట్టిన క్రైస్తవ వైద్య దంపతులు రజనీకాంత్, మేబెల్ ఆరోలేలు ఇదే చేశారు. గ్రామస్థులే ఎంచుకున్న స్త్రీలకు, చదువురాని వారికి సైతం, ఆరోగ్య శిక్షణ ఇచ్చారు. ఊరి ఆరోగ్యాన్ని ఊరివాళ్ల చేతుల్లోనే పెట్టారు. మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మిషనరీలు కెర్ దంపతులు స్థాపించిన కుష్ఠు ఆస్పత్రికి అండగా నిలిచిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. అక్కడ రోగి బాధ ముందు మతం అడ్డు కాలేదు.

మేమూ ఆ బస్తీ ఆశా కార్యకర్తతో, మసీదు పెద్దలతో కూర్చుని మా శిబిరం ఎలా ఉందని అడిగాం. ‘ఏడాదికోసారి వచ్చి వెళ్లే బదులు మా గల్లీలో ఇద్దరు ఆడపిల్లలకు బీపీ చూడటం, రిజిస్టరు రాయడం నేర్పండి’ అన్నారు. చురుక్కుమన్నా అది నిజం.

మన సంఘాలు లీడర్‌షిప్ సెమినార్లు పెడతాయి, సర్టిఫికెట్లు ఇస్తాయి, శిబిరాలు నడుపుతాయి. వాటిని తూచేందుకు మూడు ప్రశ్నలు చాలు. ఆరు నెలల తర్వాత ఎందరు మందులు వాడుతున్నారు? ఆ బస్తీలోంచి కొత్తగా ఎవరు బాధ్యత అందుకున్నారు? రేపు మనం వెళ్లకపోయినా ఆ పని సాగుతుందా?

తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లాడు (లూకా 15:4). మనం రెండొందల లెక్క చూపించి ఒక్కరిని మరిచాం. ఈ వారం మన రిపోర్టులు తిరగేద్దాం. అందులో లేనివారి ఇంటి తలుపు తడదాం.