తెల్లమచ్చ, ప్రభువు బల్ల



ఈ వారం మేము ఒక తప్పు ఒప్పుకోవాలని రాస్తున్నాం. అది చర్మం గురించి, వెంట్రుకల గురించి, ప్రభువు బల్ల గురించి. ఈ మూడింటికీ సంబంధం ఏమిటంటారా? ఓపికగా చదవండి.

రెండేళ్ల క్రితం మన సంఘంలో ఒక సహోదరికి పెదవి అంచున, వేళ్ల కొసల మీద, ముంజేతి మీద తెల్లమచ్చలు వచ్చాయి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాం, పేరు మాత్రం చెప్పం. మిరపకోతలకు వెళ్లే మనిషి. ఎండకు వచ్చాయేమో అనుకుంది. ముంజేతి మచ్చ రూపాయి బిళ్లంత అయ్యేసరికి మాటలు మొదలయ్యాయి. చేపల కూర తిని పాలు తాగిందన్నారు కొందరు. దాచిపెట్టిన పాపం ఏదో ఉందన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట అన్నది బయటివాళ్లు కాదు, మనమే.

అప్పట్లో నెల మొదటి ఆదివారం బల్ల దగ్గర అందరం ఒకే గిన్నెలో తాగేవాళ్లం. ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఆమెకు వేరే గిన్నె పెడితే బాగుంటుంది కదా" అన్నారు. మేము ఔననలేదు, కాదనలేదు. తర్వాతి నెలకు పట్నం నుంచి చిన్న కప్పులు తెప్పించి అందరికీ తలా ఒకటి ఇచ్చాం. శుభ్రత కోసమని చెప్పాం. ఎవరి మనసూ నొప్పించకుండా సమస్య తీరిందని సంతోషించాం. ఆమెకు మాత్రం అంతా అర్థమైంది. తర్వాత నాలుగు నెలలు ఆమె మందిరానికి రాలేదు.

చిన్న కప్పులు వాడే సంఘాలను మేము తప్పుపట్టడం లేదు. మా కారణం శుభ్రత కాదు, భయం. ఆ భయానికి శుభ్రత అని పేరు పెట్టడమే మా తప్పు.

చివరికి మేమిద్దరం వాళ్లింటికి వెళ్లి, ఆమెను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు గారికి చూపించాం. ఆయన ముందు ఆమెను కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూదితో తాకారు. ఎక్కడ తాకినా ఆమె చెప్పగలిగింది. తర్వాత భూతద్దం తీసుకుని మచ్చలోని వెంట్రుకలను చూశారు. "ముంజేతి మీద వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి. మంచిదే" అన్నారు.

మాకు వెంటనే లేవీయకాండము 13వ అధ్యాయం గుర్తొచ్చింది. అక్కడ యాజకుడు కూడా మచ్చలోని వెంట్రుక తెల్లబడిందా లేదా అని చూస్తాడు. జబ్బు చర్మానిదైతే వెంట్రుకను చూడటం ఎందుకు? అడిగితే డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆ తర్వాత మేమూ కొంత చదివాం. తెలుసుకున్నది మీకూ చెబుతాం.

మన చర్మానికి పైపొర ఒకటి, దాని కింద మందమైన లోపలి పొర ఒకటి, అడుగున కొవ్వు ఉంటాయి. పైపొర అడుగు వరుసలో కొత్త కణాలు పుడతాయి. అవి మెల్లగా పైకి జరిగి, చనిపోయి, పొట్టులా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది. అదే అడుగు వరుసలో రంగు తయారుచేసే కణాలు కూడా ఉంటాయి. వాటిని మెలనోసైట్లు అంటారు. ఒక్కొక్కటి కొమ్మలు చాచినట్టు చుట్టూ ఉన్న ముప్పై నలభై కణాలకు మెలనిన్ అనే రంగును పంచుతుంది. ఎండ నుంచి ఆ కణాలకు అదే గొడుగు. ఇంకో మాట. నల్లగా ఉన్నవారిలోనూ తెల్లగా ఉన్నవారిలోనూ ఈ రంగు కణాల సంఖ్య ఇంచుమించు ఒకటే. తేడా అవి తయారుచేసే రంగులోనే ఉంది. కోడలి రంగు చూసి సంబంధం వదులుకునేవారు ఇది గమనించాలి.

బొల్లి వచ్చినప్పుడు, శరీరాన్ని కాపాడాల్సిన సైన్యమే పొరబడి ఈ రంగు కణాలను శత్రువులనుకుని చంపేస్తుంది. అందుకే అక్కడ చర్మం పాలలా తెల్లబడుతుంది. స్పర్శ పోదు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటదు. గిన్నెతో అంటదు, పక్కన కూర్చుంటే అంటదు, కాపురం చేసినా అంటదు. చేపలకూ పాలకూ దీనితో సంబంధం లేదు. ప్రపంచంలో వందమందిలో ఒకరికి అటూ ఇటూగా ఇది ఉంటుంది.

ఇక వెంట్రుక సంగతి. ప్రతి వెంట్రుకా చర్మంలోకి దిగిన సన్నని గొట్టం లాంటి కుదురులో నాటుకుని ఉంటుంది. దాన్నే రోమకూపం అంటారు. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన చోట వెంట్రుక పుట్టి పెరుగుతుంది. పక్కనే నూనె గ్రంథి, చలి వేస్తే వెంట్రుకను నిక్కబొడిపించే బుల్లి కండరం ఉంటాయి. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలున్నాయి. ఒక్కొక్కటి 2 నుంచి 6 ఏళ్లు పెరిగి, కొన్నాళ్లు ఆగి రాలుతుంది. అదే కుదురులో మళ్లీ కొత్తది మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. తలవెంట్రుకల లెక్క గురించి ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. అది ఒకసారి లెక్కపెట్టి ఊరుకునే లెక్క కాదు, రోజూ మారే లెక్క.

ఆ బుల్లి కండరం అతుక్కునే చోట కుదురు గోడలో విత్తనాల వంటి కణాలు దాగి ఉంటాయి. వెంట్రుకకు కావలసినవి, రంగుకు కావలసినవి, రెండూ అక్కడే ఉంటాయి. పైన రంగు కణాలన్నీ చచ్చిపోయినా, లోతులో ఉన్న ఈ విత్తనాలు చాలాసార్లు బతికే ఉంటాయి. పూత మందులతో, ప్రత్యేకమైన కాంతి చికిత్సతో అవి మేల్కొని, కుదురు గోడ వెంబడి పైకి పాకి, చుట్టూ పరుచుకుంటాయి. అందుకే డాక్టరు గారు వెంట్రుకను చూశారు. వెంట్రుక కూడా తెల్లబడిపోతే ఆ నిల్వ అయిపోయినట్టే, రంగు రావడం కష్టం. అరచేతుల్లో, వేళ్ల కొసల్లో, పెదవుల మీద వెంట్రుకలే ఉండవు కాబట్టి అక్కడ రంగు తిరిగి రావడం మరీ కష్టం.

ఎనిమిది నెలల చికిత్స తర్వాత ఆమె ముంజేతి మచ్చలో, ఒక్కో వెంట్రుక చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు కనిపించాయి. మేము దేవుణ్ణి స్తుతించాం. దాని మీద ఒక ప్రసంగం కూడా మనసులో తయారైపోయింది. కానీ ఆమె పెదవి మీద మచ్చ అలాగే ఉంది. వేళ్ల మీద మచ్చలూ అలాగే ఉన్నాయి. రంగు వచ్చిన చెయ్యి సాక్ష్యం అయితే, రంగు రాని పెదవి ఏమవుతుంది? అందుకని ఆ ప్రసంగం చెప్పలేదు.

"మిర్యాముకు పాపం వల్లే వచ్చింది కదా" అని ఒకరు అడిగారు. నిజమే, ఆ సంగతి రాసి ఉంది. యోబుకు అరికాలు నుంచి నడినెత్తి వరకు కురుపులు వచ్చిన సంగతి కూడా రాసి ఉంది. నీలో పాపం ఉందని వాదించిన అతని స్నేహితుల మీదే దేవునికి కోపం వచ్చింది. లేవీయకాండములో చెప్పిన పొడ బట్టలకూ, ఇంటి గోడలకూ కూడా వస్తుంది. కాబట్టి అది ఈనాటి ఏదో ఒక్క జబ్బు పేరు కాదు. పైగా వెలిసినట్టుండే తెల్లమచ్చలు ఉన్నవారు పవిత్రులేనని కూడా ఆ 13వ అధ్యాయంలోనే ఉంది. ఆ భాగం మనం ఎందుకో చదవం.

అందుకే మేము కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఇకమీదట మా ప్రసంగాల్లో కుష్ఠును పాపానికి గుర్తుగా వాడం. కుష్ఠు కూడా క్రిమి వల్ల వచ్చే జబ్బే, మందులతో నయమవుతుంది. రంగు తగ్గి, స్పర్శ తెలియని మచ్చ ఎవరికైనా ఉంటే దాచకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందులు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడాలి. నూనె రాసి ప్రార్థన చేస్తాం, కానీ మందు మానమని ఎవరికీ చెప్పం. ఎవరైనా అలా చెబితే వినకండి.

పోయిన నెల బల్ల దగ్గర, కప్పులు ఎందుకు తెప్పించామో అందరి ముందు చెప్పి ఆమెను క్షమాపణ అడిగాం. మళ్లీ ఒకే గిన్నె పెట్టాం. మొదట నువ్వే తాగమ్మా అన్నాం. "వద్దు అయ్యగారూ. నా వరస వచ్చినప్పుడే తాగుతాను" అంది.

తన వరస వచ్చినప్పుడు తాగింది. ఆమె తర్వాత కూర్చున్న ఇద్దరు గిన్నెను పెదవికి తాకించకుండానే పక్కవారికి అందించారు. వాళ్లు ఇది చదువుతారని మాకు తెలుసు. వాళ్లను నిందించడానికి రాయలేదు. ఏడాది క్రితం మేము చేసింది అంతకంటే పెద్ద తప్పు. వచ్చే నెల మొదటి ఆదివారం గిన్నె మళ్లీ అదే వరసలో వస్తుంది. ఆ రోజు కోసం మీతో కలిసి ప్రార్థిస్తున్నాం.

ప్రభువు కృప మనందరికీ తోడుగా ఉండునుగాక. ఆమేన్.