యుద్ధంలో చచ్చిన కూలీల లెక్క ఎవరు చెప్పాలి?

2009 మే 16న మనమంతా ఎక్కడున్నాం? టీవీల ముందున్నాం. ఆ రోజు ఓట్ల లెక్కింపు. ఏ నియోజకవర్గంలో ఎవరికెన్ని పడ్డాయి, ఎవరు ఎంత తేడాతో గట్టెక్కారు, అంతా సాయంత్రానికల్లా తేల్చేశారు. మేమూ అక్కడే కూచున్నాం, సిగ్గుపడుతూనే చెబుతున్నాం. సరిగ్గా అవే రోజుల్లో రామేశ్వరం అవతల, శ్రీలంకలో ముల్లివాయ్కాల్ అనే సముద్రపు ఒడ్డున, ఇసుకలో గుంటలు తవ్వుకుని దాక్కున్న జనం మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. మే 18కి యుద్ధం అయిపోయింది. ఎంతమంది చచ్చారో ఈ రోజుకీ తేలలేదు.

పాత కథ కదా, పరాయి దేశం కదా, మనకెందుకు అనేవాళ్లుంటారు. రెండు కారణాలున్నాయి. ఏ దేశం ఎక్కడ యుద్ధం చేసినా "పౌరులకు హాని జరక్కుండా అన్ని జాగ్రత్తలూ తీసుకుంటున్నాం" అనే మాట ఒకటి వింటున్నాం. ఆ మాట వెనకాల ఏం జరుగుతుందో తెలుసుకోడానికి ముల్లివాయ్కాల్‌ను మించిన పాఠం మాకు కనపడలేదు. రెండోది, అక్కడ చచ్చినవాళ్లలో మనోళ్లున్నారు.

మనోళ్లెట్లా అంటారా? తెల్లదొరలు కాఫీ, తేయాకు తోటల కోసం తమిళ జిల్లాల నుంచి వేలాది కూలీలను సిలోనుకు తోలుకుపోయారు. వాళ్లలో ఎక్కువమంది పరయర్లు, పళ్లర్లు, చక్కిలియర్లు. చక్కిలియర్లంటే ఇంట్లో తెలుగు మాట్లాడుకునే తోలుపని కులం. అంటే మన మాదిగ వాడల బంధువులే అనుకోండి. స్వాతంత్ర్యం వచ్చీ రాగానే, 1948లో, సిలోను ప్రభుత్వం ఈ తోటకూలీలకు పౌరసత్వం లేకుండా చేసింది. 1964లో మన లాల్‌బహదూర్ శాస్త్రి, వాళ్ల సిరిమావో బండారనాయకే కూచుని పంచుకున్నారు: 5 లక్షల 25 వేలమంది ఇండియాకి, 3 లక్షలమంది సిలోనుకి, మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామని. మీరెక్కడుంటారని ఆ కూలీలను అడిగినవాడు లేడు. గొడ్లను పంచుకున్నట్టే పంచుకున్నారు. ఆ తర్వాత 1977లో, 1983లో తోటల మీద, బజార్ల మీద దాడులు జరిగితే ప్రాణాలు చేతబట్టుకుని చాలామంది ఉత్తరాన వన్ని అడవుల వైపు, కిలినొచ్చి, ముల్లైతీవు వైపు పోయి కూలికి కుదిరారు. అక్కడి భూమున్న తమిళులు వాళ్లను సమానంగా చూశారనుకోకండి. చివరికి 2009లో యుద్ధం వచ్చి పడింది సరిగ్గా ఆ నేల మీదే.

ఇక చట్టం సంగతి. యుద్ధానిక్కూడా చట్టం ఉంటుందా అని మొదట్లో మేమే నవ్వుకున్నాం. ఉంది. 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు రాసుకున్నారు. ప్రపంచంలో దేశాలన్నీ వాటికి ఒప్పుకున్నాయి. మన దేశం 1950లోనే ఒప్పుకుంది. ఈ నాలుగింటిలోనూ మూడో అధికరణం మాత్రం ఒకటే. అది దేశాల మధ్య యుద్ధానికి కాదు, ఒక దేశం లోపల జరిగే సాయుధ పోరుకి. అది చెప్పేదేమిటంటే: పోరాటంలో పాల్గొననివాళ్లని, ఆయుధం కింద పెట్టేసినవాళ్లని, గాయపడ్డవాళ్లని మనిషిగా చూడాలి. చంపకూడదు, హింసించకూడదు, బందీలుగా పట్టుకోకూడదు, అవమానించకూడదు. గాయపడ్డవాళ్లను ఏరుకొచ్చి వైద్యం చెయ్యాలి. ఇందులో జాతి, రంగు, మతం, ఆడా మగా, పుట్టుక, ఆస్తి అనే తేడా చూపకూడదు. 'పుట్టుక' అనే మాట అక్కడ రాసి ఉంది. మేము రెండుసార్లు చదువుకున్నాం. ఇంకో సంగతి, ఇది సర్కారుకొక్కదానికే కాదు, సర్కారు మీద తుపాకి ఎత్తినవాళ్లకి కూడా వర్తిస్తుంది.

దీనికి తోడు అన్ని దేశాలూ పాటించాల్సిన ఆనవాయితీ నియమాలున్నాయి. సైనికుడెవరు, మామూలు మనిషెవరు అని వేరు చేసి చూడాలి. శత్రువు ఫిరంగి ఒకటి అక్కడ ఉందని తెలిసినా, దాన్ని కొడితే వచ్చే లాభం కన్నా చుట్టూ ఉన్న జనానికి జరిగే నష్టం మరీ ఎక్కువైతే కొట్టకూడదు. జనాన్ని ఆకలితో మాడ్చి యుద్ధం గెలవకూడదు.

ఇక్కడే అసలు కిటుకుంది. నష్టం ఎక్కువా తక్కువా అని తూచాలంటే అక్కడ ఎంతమంది ఉన్నారో ముందు ఒప్పుకోవాలి కదా! అక్కడ నలుగురున్నారని రాసుకుంటే ఒక తీర్పు, నలభై వేలమంది ఉన్నారని రాసుకుంటే ఇంకో తీర్పు. కాబట్టి చట్టాన్ని తప్పించుకోడానికి చట్టాన్ని చించెయ్యక్కర్లేదు. జనం లెక్క తగ్గిస్తే చాలు.

శ్రీలంక ప్రభుత్వం అదే చేసింది. 2009 ఫిబ్రవరిలో యుద్ధం మధ్య ఇరుక్కున్న జనం 70 వేలే అంది. నిజానికి 3 లక్షలకు పైగా ఉన్నారు. ఏప్రిల్ చివర్లో ఇంకా లక్షా 27 వేలమంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా వేస్తే, ప్రభుత్వం 10 వేలే అంది. తిండిగింజలు, మందులు ఆ దొంగలెక్క ప్రకారమే వెళ్లాయి. రేషన్ కార్డులో పేరు ఎగరగొడితే ఇంట్లో పొయ్యి ఎట్లా ఆగిపోతుందో మన వాడల్లో వేరే చెప్పాలా? అక్కడ పొయ్యితో పాటు ప్రాణం కూడా పోయింది. యుద్ధం అయ్యాక వవునియా దగ్గర ముళ్లకంచెల మధ్య పెట్టిన జనం సుమారు 2 లక్షల 80 వేలు. 70 వేలమంది ఉన్నచోట నుంచి ఇంతమంది ఎట్లా బయటికొచ్చారో జవాబు చెప్పినవాడు లేడు.

కాల్పులు జరపని ప్రాంతం అని ప్రభుత్వమే గీత గీసింది. ఒకసారి కాదు, మూడుసార్లు, ప్రతిసారీ ముందుకంటే చిన్నగా. జనాన్ని అక్కడికి పొమ్మంది. జనం వెళ్లారు. అక్కడే గుండ్లు పడ్డాయి. జనవరిలో ఆహారం లారీలతో వెళ్లి చిక్కుకుపోయిన ఐక్యరాజ్యసమితి ఉద్యోగులు తలదాచుకున్న చోటుకీ వదల్లేదు. పుదుక్కుడియిరుప్పు ఆస్పత్రి మీద ఫిబ్రవరిలో మళ్లీ మళ్లీ పడ్డాయి. ఆస్పత్రి ఎక్కడుందో తెలియక కాదు, సైన్యానికి ముందే చెప్పి ఉంచారు. అక్కడ పనిచేసిన ప్రభుత్వ డాక్టర్లు చావుల సంగతి ఫోన్లలో బయటికి చెప్పారు. యుద్ధం అయ్యాక వాళ్లని పట్టుకెళ్లి నిర్బంధించి, జూలైలో విలేకరుల ముందు కూచోబెట్టి, మేం చెప్పిన లెక్కలు తప్పు అని వాళ్ల చేతే అనిపించారు. చూశారా, మళ్లీ లెక్క దగ్గరికే వచ్చాం.

పులుల సంగతి చెప్పకపోతే మేమూ దొంగలెక్క రాసినవాళ్లమే అవుతాం. పులులను వీరులుగా కొలిచే మిత్రులు మాలోనూ ఉన్నారు. కోపం వస్తే రానివ్వండి. పారిపోతామన్న జనాన్ని పులులు పోనివ్వలేదు. గీత దాటబోయినవాళ్లని కాల్చారు. పద్నాలుగేళ్ల పిల్లల్ని కూడా ఇళ్లలోంచి లాక్కుపోయి తుపాకి ఇచ్చారు. జనం గుడారాల పక్కనే ఫిరంగులు పెట్టి పేల్చారు. తమ జనం అని చెప్పుకున్నవాళ్లనే అడ్డుగోడ చేసుకున్నారు. మూడో అధికరణం వాళ్లకూ వర్తించేదే. అయితే ఒకటి, అడ్డుగోడగా నిలబెట్టబడ్డ మనిషి సైనికుడైపోడు. పులులు తప్పు చేశారు కాబట్టి మేం గుండ్లు వేశాం అనడం చెల్లదు. ఒకడి నేరం ఇంకొకడి నేరానికి రశీదు కాదు.

మరి ఐక్యరాజ్యసమితి? 2008 సెప్టెంబర్లో ప్రభుత్వం వెళ్లిపొమ్మంటే కిలినొచ్చి నుంచి సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లొద్దు బాబూ అని జనం గేటు ముందు నిలబడి బతిమాలారు. తర్వాత వాళ్ల మనుషులే ఒక్కో చావునీ మూడు వైపుల నుంచి నిర్ధారించుకుని లెక్క కట్టారు. మే 13 నాటికి 7,721 మంది. ఆ లెక్క అప్పుడు బయటపెట్టలేదు. 2011లో వాళ్లు వేసిన నిపుణుల కమిటీయే చనిపోయిన పౌరులు 40 వేలదాకా ఉండొచ్చంది. తామూ తప్పు చేశామని 2012లో ఇంకో నివేదికలో రాసుకున్నారు. చచ్చినవాళ్లకి ఆ రాత ఎందుకు?

అయితే చట్టం ఉత్త కాగితమేనా? అట్లా అనలేం. రెడ్‌క్రాస్ వాళ్లు వెళ్లిపోలేదు. అదే మూడో అధికరణం వాళ్లకి సాయం చేస్తామని అడిగే హక్కు ఇచ్చింది. ఫిబ్రవరి 10 నుంచి మే 9 దాకా ఓడలో గాయపడ్డవాళ్లని, వాళ్ల తోడు మనుషుల్ని దాదాపు 14 వేలమందిని ఆ ఒడ్డు నుంచి తీసుకొచ్చారు. పట్టుకుని నిలబడితే అదే కాగితం అంతమందిని బతికించింది.

మన సర్కారు ఏం చేసింది? ఏప్రిల్ 27న మద్రాసు మెరీనాలో కరుణానిధి నిరాహారదీక్షకు కూచున్నాడు. పెద్ద ఆయుధాలు ఇక వాడం అని కొలంబో నుంచి మాట రాగానే కొన్ని గంటల్లో లేచాడు. మే నెలలో గుండ్లు పడుతూనే ఉన్నాయి. మే 27న, అంటే మన ఓట్ల లెక్క అయిన పదకొండో రోజున, జెనీవాలో మానవహక్కుల మండలి శ్రీలంక ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ తీర్మానం చేస్తే ఇండియా దానికి ఓటేసింది. 2012, 2013లో శ్రీలంకను అడిగే తీర్మానాలకు ఓటేసింది. 2014లోనూ, 2021లోనూ ఎటూ వెయ్యకుండా కూచుంది. గట్టిగా అడగలేకపోవడానికి కారణం ఉందేమో. 1987 అక్టోబర్ 21న జాఫ్నా ఆస్పత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. ఎదురుకాల్పులు అన్నారు, అంతే.

మన దేశంలో జెనీవా ఒప్పందాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం నేరం జరిగితే కోర్టుకి ఎవరు వెళ్లాలో తెలుసా? ప్రభుత్వం గానీ, ప్రభుత్వం పేరు చెప్పిన అధికారి గానీ ఫిర్యాదు చెయ్యాలి. కొడుకు చచ్చిన తల్లి చెయ్యడానికి లేదు. 1977లో పౌరుల రక్షణను ఇంకా గట్టి చేస్తూ రెండు అదనపు ఒప్పందాలొచ్చాయి. వాటిలో ఇండియా చేరలేదు. శ్రీలంకా చేరలేదు.

యుద్ధం చివరి రోజుల్లో, ప్రభుత్వం మాట నమ్మి, తమవాళ్లని తమ చేతులతో సైన్యానికి అప్పజెప్పిన కుటుంబాలున్నాయి. బస్సులెక్కించారు. తర్వాత కబురు లేదు. ఆ తల్లులు 2017 ఫిబ్రవరి 20 నుంచి కిలినొచ్చి రోడ్డు పక్కన ఫొటోలు పట్టుకుని కూచున్నారు. ఎదురుచూసి ఎదురుచూసి వాళ్లలో కొందరు చనిపోయారు కూడా. వాళ్లు అడిగేది నష్టపరిహారం కాదు, మా పిల్లలు ఎక్కడ అని. 1991లో చుండూరులో మన మనుషుల్ని గోనెసంచుల్లో కుక్కి కాల్వలో పడేశాక, ఒక్కో శవాన్నీ వెదికి పైకి తీసి పేరు రాయించుకున్న మనకి ఆ ప్రశ్న బరువు తెలుసు.

కార్యకర్తలకు మా కోరిక. వచ్చే మీటింగులో మూడో అధికరణాన్ని తెలుగులో పైకి చదవండి, 'పుట్టుక' దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తర్వాత అందరూ వేలిముద్రలేసి, సంతకాలు పెట్టి మీ ఎంపీకి మూడు ప్రశ్నలు రాయండి. 2009 మే 27న ఇండియా అట్లా ఎందుకు ఓటేసింది? 1977 ఒప్పందాల్లో ఎందుకు చేరలేదు? 1960 చట్టం కింద ఒక తల్లి కోర్టుకి ఎందుకు పోకూడదు? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద ఇమ్మనండి. వచ్చిన జవాబు మాకు పంపితే ఉన్నదున్నట్టు ఇక్కడ వేస్తాం. రాకపోతే, ఎన్ని ఊళ్ల నుంచి అడిగారో ఆ లెక్క వేస్తాం.