క్యాన్సర్ పేరు చెప్తారు, పరీక్ష మాత్రం చెయ్యరు

సంఘం మీటింగులో ఆరోగ్యం గురించి మాట్లాడదాం అన్నప్పుడల్లా ఎవరో ఒకరు కొంగు నోటికడ్డం పెట్టుకుని "తెల్లబట్ట" అంటారు. ఆ తర్వాత పదిమంది అదే మాట అందుకుంటారు. వాళ్ళలో ముగ్గురో నలుగురో "నాకు గర్భసంచి తీసేశారమ్మా" అంటారు. వయసు ముప్ఫై, ముప్ఫై రెండు. ఎందుకు తీయించుకున్నావంటే అందరిదీ ఒకటే జవాబు: "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందన్నారు." ఏం పరీక్ష చేశారంటే పొట్టమీద స్కానింగు తీశారంటారు. గర్భాశయ ముఖద్వారాన్ని కళ్ళతో చూసిన డాక్టరు లేరు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్ లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన గర్భసంచులకే ఇంత జబ్బు ఎక్కడినుంచి వచ్చింది? చాలామందికి అండాశయాలు కూడా తీసేస్తున్నారు. ముప్ఫై దాటీ దాటకుండానే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, కూలికి వెళ్ళలేక ఆ స్త్రీలు పడే బాధ ఏ ఆస్పత్రి లెక్కల్లోకీ రాదు.

క్యాన్సర్ అబద్ధమని నేననడం లేదు. 2022 అంచనాల ప్రకారం ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేలమంది స్త్రీలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేలమంది చనిపోయారు. అది ఎలా వస్తుందో మనం తెలుసుకుంటే ఎవరు మనల్ని మోసం చేస్తున్నారో కూడా తెలుస్తుంది.

దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. పులిపిర్లు తెప్పించే వైరస్ల కుటుంబమే ఇది. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో దీని 16వ రకాన్నీ, ఆ మరుసటేడు 18వ రకాన్నీ ఈ క్యాన్సర్ గడ్డల్లో కనిపెట్టింది. 2008లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్యాన్సర్లు పదింటిలో ఏడింటికి ఈ రెండు రకాలే కారణం. మన కణాలకి రెండు కాపలాలుంటాయి. ఒకటి కణం అవసరం లేకుండా రెండుగా చీలకుండా ఆపుతుంది. రెండోది చెడిపోయిన కణాన్ని బాగుచేస్తుంది, కుదరకపోతే చంపేస్తుంది. వైరస్ తయారుచేసే ఇ6, ఇ7 అనే ప్రోటీన్లు ఈ రెండు కాపలాల్నీ పడగొడతాయి. ఇక ఆ కణం చీలుతూ, తప్పుమీద తప్పు పోగేసుకుంటూ పోతుంది.

అయితే వైరస్ సోకినవాళ్ళందరికీ ఇలా జరగదు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో అది దానంతటదే పోతుంది. కొద్దిమందిలోనే ఉండిపోతుంది. ఉండిపోయినా క్యాన్సర్ గా మారడానికి మామూలుగా పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉండి మందులు అందని స్త్రీలలో అయిదు నుంచి పదేళ్ళే. మిగిలినవాళ్ళకి పదిహేనేళ్ళు! అన్నేళ్ళలో ఒక్కసారి, రెండుసార్లు చూస్తే చాలు. పలచని వెనిగర్ లో దూది ముంచి ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగితే, చెడిపోయిన చోటు తెల్లగా కనబడుతుంది. శిక్షణ ఇస్తే నర్సు చెయ్యగల పని. తొలిదశలో ఉన్న మచ్చని అక్కడే వేడితోనో చల్లదనంతోనో మాడ్చెయ్యొచ్చు. సంచి కొయ్యక్కర్లేదు.

వైరస్ సంభోగం ద్వారా సోకుతుందనగానే మన సమాజం వేలు ఎవరివైపు చూపిస్తుందో వేరే చెప్పాలా? లైంగిక జీవితం ఉన్న ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. భర్త తప్ప మరొకరిని ఎరగని స్త్రీకీ వస్తుంది. ఆరోగ్యశాఖ పోస్టర్లు మాత్రం చిన్నవయసులో పెళ్ళి, ఎక్కువ కాన్పులు, అపరిశుభ్రత అంటూ స్త్రీల తప్పుల జాబితా రాసినట్టు రాస్తాయి. పధ్నాలుగేళ్ళకి పెళ్ళి ఆ పిల్ల చేసుకుందా? కాన్పులు ఎన్ని ఉండాలో ఆమెనెవరైనా అడిగారా?

పరీక్షవల్ల ప్రాణాలు నిలబడతాయా అన్న ప్రశ్నకి జవాబు మన పక్క రాష్ట్రం స్త్రీలు ఇచ్చారు. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1999లో మొదలైన పరిశోధనలో 30-59 ఏళ్ళ స్త్రీలు లక్షా ముప్ఫై వేలమందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి వైరస్ పరీక్ష, మరో రెండు గుంపులకి వేరే పరీక్షలు చేశారు. నాలుగో గుంపుకి ఏ పరీక్షా చెయ్యలేదు, ఆరోగ్యబోధ చేసి వదిలేశారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే ఒక్కసారి వైరస్ పరీక్ష చేసిన గుంపులో 34 మంది ఈ క్యాన్సర్ తో చనిపోయారు. ఏమీ చెయ్యని గుంపులో 64 మంది. ఆ తేడా వీళ్ళకి సైన్సు. చనిపోయినవాళ్ళని లెక్కపెట్టి మరీ సంపాదించిన ఆ జ్ఞానాన్ని ఏం చేశారు? పదేళ్ళ తర్వాత 2019-21 సర్వేలో, 30-49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

పరీక్షకి ఎప్పుడూ తీరిక లేని ఈ వ్యవస్థకి భద్రాచలం పిల్లల మీదికి వెళ్ళడానికి మాత్రం తీరిక దొరికింది. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేలమందికి గార్డసిల్ టీకా మొదలుపెట్టాయి. చాలామంది హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న ఆదివాసీ, దళిత పిల్లలు. 2010 మార్చిలో సమ సంస్థ స్త్రీలు వెళ్ళి అడిగితేగాని సంగతి బయటికి రాలేదు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ సంతకం చేసినవే. తల్లిదండ్రులకి కబురైనా లేదు. ఖమ్మంలోనూ గుజరాత్ లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్ లో ఆపేశారు. ఆ చావులకి టీకాతో సంబంధం లేదనే విచారణ సంఘం అభిప్రాయపడింది. నేను దాన్ని కాదనడం లేదు. కానీ ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలో కూడా ఆ పిల్లలకి చెప్పలేదే! 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్నంతా తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ మనవాళ్ళతోనే నాకో పేచీ ఉంది. భద్రాచలం చూశాక మనలో కొందరు ఈ టీకాయే వద్దంటున్నారు. నేను ఒప్పుకోను. స్వీడన్ లో పదహారు లక్షలకి పైగా స్త్రీల వివరాలు చూసి 2020లో అచ్చేసిన అధ్యయనంలో, పదిహేడేళ్ళలోపు టీకా వేయించుకున్నవాళ్ళకి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం 88 శాతం తగ్గింది. డబ్బున్నవాళ్ళు తమ కూతుళ్ళకి ప్రైవేటు ఆస్పత్రుల్లో వేయించుకుంటూనే ఉన్నారు. కోయ పిల్లకి అబద్ధం చెప్పి పొడవడం ఎంత అన్యాయమో, ఆమె దాకా ఆ టీకా రాకుండా చెయ్యడం అంతే అన్యాయం. మనం కొట్లాడవలసింది ఆమె భాషలో విషయం చెప్పమని, వద్దంటే మానుకొమ్మని, వేశాక ఆమె వెనక నిలబడమని.

ఇంకో మాట. టీకా వైరస్ సోకకముందు పనిచేస్తుంది. ముప్ఫై దాటిన మనకి అది ఇవాళ పెద్దగా అక్కరకి రాదు. టీకా ప్రకటన చేసి ఈ తరం తల్లుల్ని వదిలేసే ప్రమాదం నాకు కనబడుతోంది.

30-65 ఏళ్ళ స్త్రీలకి అయిదేళ్ళకొకసారి ఈ వెనిగర్ పరీక్ష చెయ్యాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కనుక ఈ నెల మీ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పదిమంది కలిసి వెళ్ళండి. రిజిస్టరు చూపించమనండి. ఎంతమందికి చేశారు, ఎంతమందికి మచ్చ కనబడింది, వాళ్ళని ఎక్కడికి పంపారు, బస్సు ఖర్చు, ఆ రోజు కూలి ఎవరిచ్చారు, చికిత్స పూర్తయిందా అని ఒక్కో పేరూ అడగండి. శిక్షణ పొందిన నర్సు లేదంటే ఆ మాట కాగితం మీద రాయించుకుని రండి.