బీరువాలో తుపాకీ ఎవరినడిగి పెడతారు?

మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు "ఎక్కడ పెడదాం?" అనే ప్రశ్న వస్తుంది. ఫ్రిజ్ కొన్నప్పుడు వారం రోజులు వంటింటి గోడ కొలిచాం. మొన్న ఆదివారం మాత్రం మావారు ఆ ప్రశ్న అడగలేదు. స్నేహితుడితో కలిసి సిటీలో ఓ తుపాకుల దుకాణానికి వెళ్లొచ్చి, ఫోన్లో ఫోటో తీసి "ఎలా ఉంది?" అన్నారు, కొత్త చీర చూపించినట్టు!

పాత మిలిటరీ రివాల్వర్. వెబ్లీ అట. బ్రిటిష్ సైన్యం 1887 నుంచి వాడిన రకం. ఈయన ముచ్చటపడింది 1915లో వచ్చిన ఆరో మోడల్. కిలోకు పైనే బరువు, ఆరు తూటాలు. మా మామగారి చిన్నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లొచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకార్థమట. దుకాణం మనిషి "లైసెన్స్ తెచ్చుకోండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట.

ఆ "మిగతాది" ఏమిటో నేను చదివాను. ఆ రివాల్వర్‌లో పట్టే పాయింట్ 455 తూటా మన ఆయుధ నిబంధనల్లో నిషేధిత బోరు. సైన్యం వాడిన తూటాలు మామూలు జనం చేతికి రాకూడదని ఆ లెక్క. అది ఉంచుకోవాలంటే కమిషనర్ ఆఫీసు లైసెన్స్ చాలదు, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించాలి. అనుమతి లేకుండా దొరికితే, 2019 సవరణ తర్వాత, ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా జైలు. మురిపెంగా కొన్న వస్తువు ఇంటాయన్ని చర్లపల్లికి పంపిస్తే, ములాఖత్‌కు టిఫిన్ డబ్బా పట్టుకుని తిరగాల్సింది ఎవరు?

ఈ మాట చెబితే మావారు వాదన మార్చారు. "సరే, మామూలు పాయింట్ 32 తీసుకుంటా. నీ భద్రత కోసమే కదా!"

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. మన భద్రత పేరుతో 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం "నిర్భీక్" అని ఓ రివాల్వర్ తెచ్చింది. అరకిలో బరువు, ధర లక్షా ఇరవై వేలకు పైనే. బస్సులో ఓ ఆడపిల్లకు జరిగిన ఘోరానికి మనకిచ్చిన జవాబు అదన్నమాట. సూరారంలో రాత్రి డ్యూటీ దిగి, వీధిదీపాలు వెలగని సందుల్లో నడిచొచ్చే ఆడవాళ్లలో లక్షా ఇరవై వేలు పెట్టగలిగేది ఎందరు? వాళ్లకు కావలసింది దీపం, బస్సు, ఫోన్ చేస్తే వచ్చే పోలీసు.

ఇంకో మాట. మనకు దెబ్బ బయటి దొంగ నుంచే తగులుతుందా? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా భర్త హింస చవిచూశామన్నారు. మావారు చెయ్యెత్తే మనిషి కాదు. కానీ చెయ్యెత్తే మనుషులున్న ఇళ్లల్లో కూడా "నీ కోసమే" అనే తుపాకీ కొంటారు కదా! కంచం విసిరేసే కోపం ఉన్న ఇంట్లో కంచం పగిలితే ఊడ్చుకుంటాం. తుపాకీ పేలితే ఊడ్చుకోవడానికి ఏముంటుంది?

పిల్లల సంగతి మరీ భయం. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మావాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ వయసులో దుఃఖం ఓ రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతుంది. తెల్లారేదాకా వాడి చేతికి ఏమీ అందకుండా చూసుకోవడమే తల్లి పని. తాళం వేస్తామంటారు. ఆ తాళంచెవి ఎక్కడుంటుందో మా ఇంట్లో పిల్లలకు తెలియనిదా?

"బ్రిటిష్ వాడు 1878లో చట్టం చేసి మన చేతుల్లో ఆయుధాలు లాక్కున్నాడు, ఇప్పుడు వాడి తుపాకే మన ఇంట్లో పెట్టుకోవడం గొప్ప కాదా?" అని స్నేహితుడి ఉవాచ. అయ్యా, అల్లూరి సీతారామరాజు 1922లో చింతపల్లి స్టేషన్ మీదకు వెళ్లి తుపాకులు తెచ్చింది బీరువాలో దాచుకోవడానికి కాదు. చరిత్ర మీద అంత ప్రేమైతే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. టికెట్ నేను కొంటాను.

మా అత్తగారు ఇదంతా విని ఒక్క మాటన్నారు. "ఇంట్ల పాము ఉందంటే నిద్ర పడ్తదా? ఇది తెచ్చి పెట్టుకునే పామాయె."

లైసెన్స్ దరఖాస్తులో ఆయన ఫోటో, వైద్యుడి ధ్రువపత్రం, శిక్షణ కాగితం, పోలీసు నివేదిక అడుగుతారు. భార్య సంతకం అడగరు. కెనడాలో తుపాకీ లైసెన్స్ కావాలంటే దరఖాస్తులో జీవిత భాగస్వామి సంతకం చోటు ఉంటుంది. ఆమె సంతకం చేయకపోతే అధికారులు ఆమెకు విషయం తెలియజేస్తారు. మన దగ్గర ఇంటి లోను తెచ్చుకోవడానికి నా సంతకం కావాలి, తుపాకీ తెచ్చుకోవడానికి అక్కర్లేదా? ఆ సంతకం ఇక్కడా ఉండాలని మనం అడగాలి.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. లైసెన్స్ ఇచ్చేముందు పోలీసులు విచారణకు వస్తారు. అప్పుడు టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోకండి. హాల్లోనే నిలబడి "నాకు ఇష్టం లేదు, కారణం ఇదీ" అని చెప్పండి. చెప్పడానికి భయమైతే కమిషనర్ ఆఫీసుకు ఓ ఉత్తరం రాయండి.

మావారు మూడు రోజులుగా ముభావంగా ఉన్నారు. ఉండనీ. ముభావం బీరువాలో చోటు అడగదు కదా.