అప్‌డేట్లు ఆపడం విరుగుడు కాదు

సంపాదకులకు,

అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తెరుచుకోకపోతే ఇక అప్‌డేట్లే ఆపేయమని గత ఆదివారం వ్యాసం చెప్పింది. ఆ సలహా ప్రమాదకరం. వ్యాసకర్త ఉదహరించిన 2024 జులై 19న కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోవడానికి కారణం విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ గంటన్నరలోపే తప్పు దిద్దుకున్నా, పడిపోయిన చాలా యంత్రాలకు ఆ దిద్దుబాటు చేరే దారి లేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలు తీసేశాకే చాలావరకు లేచాయి. డిస్కుకు విండోస్ వేసే తాళమైన బిట్‌లాకర్‌ను తెరిచే కీ దాచుకోనివారు మరింత అవస్థపడ్డారు.

మరి అప్‌డేట్ చేయకపోతే? 2017 మార్చిలో వచ్చిన విండోస్ భద్రతా సవరణను వేసుకోని కంప్యూటర్లే మే నెలలో వానాక్రై అనే వైరస్‌కి చిక్కాయి.

అప్‌డేట్ తర్వాత విండోస్ వరుసగా రెండు మూడుసార్లు తెరుచుకోకపోతే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అక్కడ ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నొక్కితే తాజా అప్‌డేట్ ఒక్కటే పోతుంది, మన ఫొటోలూ ఫైళ్లూ ఉంటాయి. రిపేరు షాపులో ఫార్మాట్ కొట్టించేముందు ఇది ప్రయత్నించమని పాఠకులకు చెప్పండి. బిట్‌లాకర్ కీని ఈరోజే కాగితం మీద రాసి పెట్టుకోమనండి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ