పటం వచ్చు... మరి దారి?

పరీక్షలో భారతదేశ పటం ఇచ్చి గోదావరిని గుర్తించమంటే మన పిల్లలు టక్కున గీసేస్తారు. అదే పిల్లల్ని కొత్త ఊరి బస్టాండులో నిలబెట్టి ‘ఉత్తరం ఎటు?’ అని అడగండి. కొందరు దిక్కులు చూస్తారు. కొందరు ఆకాశంలోకి చూపిస్తారు. గోడకు తగిలించిన పటంలో ఉత్తరం పైనే ఉంటుంది మరి!

ఇల్లు కొనేటప్పుడు దిక్సూచి పెట్టి మరీ ఈశాన్యం మూల చూసుకునే పెద్దలు, పిల్లలకు మాత్రం ఆ దిక్కులు చెప్పరు. వెనకటి పల్లెల్లో తూర్పు బజారు, పడమటి వీధి, దక్షిణం వాకిలి అనే మాటల్లోనే ఆ చదువు ఉండేది. ఇప్పుడంతా లెఫ్టు, రైటు. మనిషి వెనక్కి తిరిగితే లెఫ్టు మారిపోతుంది. తూర్పు మారదు.

పల్నాడు జిల్లా శావల్యాపురాన్నే తీసుకోండి. పడమట వినుకొండ, తూర్పున కోటప్పకొండ. గుంటూరు-గుంతకల్లు రైలు మార్గంలో ఒకవైపు నరసరావుపేట, రెండోవైపు వినుకొండ. నడికుడి-శ్రీకాళహస్తి మధ్య తలపెట్టిన 309 కిలోమీటర్ల కొత్త లైను కూడా ఇక్కడే కలుస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి, వచ్చిన రైలు ఎటు వెళుతుందో చెప్పగలిగిన పిల్లవాడికి సగం భూగోళం వచ్చినట్టే.

దారి గుర్తుపట్టడం సాధనతో అబ్బే విద్య. వేలాది వీధులు గుర్తుంచుకునే లండన్ టాక్సీ డ్రైవర్ల మెదడులో హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదిగా ఉందని 2000లో పరిశోధకులు గమనించారు. మనం ఎక్కడున్నామో మెదడు గుర్తించే తీరును కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ విద్య అవసరం తిరునాళ్లలో తెలుస్తుంది. మహాశివరాత్రికి కోటప్పకొండ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. అంత రద్దీలో చెయ్యి వదిలిన పిల్లవాడికి ఫోనులోని మ్యాపు అక్కరకు రాదు. అందుకే ముందే ఒక గుర్తు అనుకోవాలి. అందరికంటే ఎత్తుగా కనిపిస్తుంది కదా అని ప్రభను గుర్తుగా పెట్టుకోకండి. అలాంటివి చాలా ఉంటాయి, పైగా కదులుతుంటాయి! మెట్ల మొదలు, బస్సులు ఆగే చోటు లాంటి కదలని గుర్తులే మేలు. తప్పిపోతే అక్కడికి రావాలని, రాలేకపోతే దగ్గర్లోని పోలీసుకు చెప్పాలని నేర్పండి. ఊరి పేరు, ఇంటి ఫోను నంబరు, 1098 నోటికి రావాలి.

ఇంటి దగ్గర చేయించదగ్గవి ఇవి:

కొత్త చోటుకి వెళ్లేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూడమనండి. వచ్చిన దారి, తిరిగి వెళ్లేటప్పుడు వేరుగా కనిపిస్తుంది. పిల్లలు పొరబడేది అక్కడే.

ఇంటి నుంచి బడికి పటం గీయించండి. గుడి, చెరువు, టీ కొట్టు అన్నీ ఉండాలి. ఆ కాగితాన్ని ఉత్తరం ఉత్తరానికే ఉండేలా నేల మీద పరిచి చూడమనండి.

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. రోడ్డు వెంట దారం పరిచి కొలిస్తే పక్క ఊరు ఎంత దూరమో పిల్లలే చెబుతారు.

ఈసారి చుట్టాల ఊరు వెళ్లినప్పుడు పిల్లల్ని ముందు నడవనివ్వండి. పెద్దలు వెనకే ఉండి రోడ్డు మీద వాహనాల సంగతి చూసుకుంటే చాలు. తప్పు మలుపు తిరిగినా వెంటనే అరవకండి. నాలుగడుగులు వేశాక వాళ్లే ఆగి, చుట్టూ చూసి, వెనక్కి తిరుగుతారు. దారి నేర్చుకునేది అప్పుడే!